ఒట్టి నీళ్ళతో కడిగిన చిప్పు

మా ల్యాబులో అందరూ ఆవిడని చుక్కలక్క అంటారు. గాజుసామాన్లు కడగడానికి వచ్చిన మనిషి, పదకొండేళ్ళలో చిప్పు మీద మా అందరికంటే సన్నటి మందు చుక్క వెయ్యడం నేర్చుకుంది. ఇన్ని డిగ్రీలున్న నా చెయ్యి వణుకుతుంది, ఆవిడది వణకదు. నేను ల్యాబు పెద్దనని పేరుకే.

మా పని చెప్పడానికి తేలికే. ప్రాణుల ఒంట్లో ఉండే డీఎన్ఏ పోగుల్ని మాకు కావలసిన ఆకారంలో మడిచి చిప్పు మీద పరుస్తాం. వాటి మీద వెండి పూత పూస్తే కంటికి ఆనని కరెంటు తీగ తయారవుతుంది. పోగులు చిప్పుని పట్టుకుని ఉండాలంటే మెగ్నీషియం ఉప్పు కలిపిన నీళ్ళతోనే కడగాలి. ఒట్టి నీళ్ళు తగిలితే ఊడిపోతాయి.

ఆ రోజు మూడింటికి మాకు డబ్బులిచ్చే కమిటీ వస్తోంది. తీగలో కరెంటు పారితేనే ల్యాబు ఉంటుంది, అక్క కాంట్రాక్టూ ఉంటుంది. ఆవిడ జీతం మీదే ఇంట్లో ముగ్గురు బతుకుతున్నారు. ట్యూబులో చూస్తే ఆ పోగులు కలిపిన మందు రెండు చుక్కలే మిగిలింది, చిప్పుకొక చుక్క.

పదింటికి అక్క నా గదిలోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, మొదటి చిప్పు పోయింది. కంగారులో పాత అలవాటుకొద్దీ ఒట్టి నీళ్ళ సీసా తీశాను. మూడుసార్లు కడిగేశాను."

నాకు ఒళ్ళు మండింది. "ఇంత అనుభవముండి ఏంటమ్మా ఇది!" అని అరిచాను. ఆవిడ వెళ్ళి రెండో చుక్క వేసింది. నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను.

మూడున్నరకి మీటరులో అంకె కదిలింది. బతికాంరా దేవుడా అనుకున్నాను. కమిటీ పెద్దావిడ కాగితాలు తిరగేస్తూ, "రెండు చిప్పులన్నారు, ఇంకోటేది?" అంది.

"సగం మందు పాడైందండీ," అన్నాను. నోటికొచ్చింది అనేశాను.

"మందు బాగానే ఉందండీ," అంది అక్క. "నేనే ఒట్టి నీళ్ళతో కడిగేశాను. మందు పాడైందని మీరు రాసుకుంటే, రేపింకెవరో బంగారంలాంటి మందు పారబోస్తారు."

ఆ తప్పు పొద్దున్నే నాకు చెప్పిన సంగతి మాత్రం అక్క ఎత్తలేదు.

వారానికి ఉత్తరం వచ్చింది. ల్యాబుకి మూడేళ్ళు పొడిగించారు. జరిగిన తప్పుని పైవాళ్ళ దగ్గర దాచినందుకు అక్క కాంట్రాక్టు మాత్రం ఆపేశారు, ఒప్పుకుంటున్నట్టు కింద నన్ను సంతకం పెట్టమన్నారు. అక్క నా దగ్గర దాచలేదని రాయడానికి పెన్ను తీశాను. అలా రాస్తే అబద్ధమాడింది నేనని తేలి, పోయేది నా ఉద్యోగం. సిగ్గుతో చచ్చిపోతూనే, ఆ ఉత్తరం మీద సంతకం పెట్టాను.