మంద దాటిన రోజు

చిటికెన వేలి గోరంత నాబ్ అది. దాని బరువును నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీతో ఎందుకు చెప్పుకుంటున్నానంటే, మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లకు చెప్పడానికి నాకు మొహం లేదు. నా భార్యకు కూడా తెలియదు.

నా పేరు వద్దు. వాడి పేరు మార్చి సైదులు అంటాను. మా వైపు వీధికొక సైదులు ఉంటాడు కాబట్టి ఇబ్బంది లేదు. కోదాడలో ఇంజనీరింగ్ కలిసి చదివాం. వాడిది గరిడేపల్లి దగ్గర ఊరు, గొర్లు కాసే ఇల్లు. నాది సూర్యాపేట. చదువయ్యాక నేను పిల్లలకు కీబోర్డు నేర్పుతూ బతికాను. వాడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మోటార్ల పని చూసేవాడు. ఆదివారాలు ఆ మిల్లు వెనక ఖాళీ గోదాములో కూర్చుని ఇద్దరం ఒక సింథసైజర్ కట్టాం.

మీటలు లేని వాయిద్యం అది. మాడ్యులర్ అంటారు. అన్నీ విడివిడి డబ్బాలు. ఒకటి మోత పుట్టిస్తుంది, ఇంకొకటి దాని గరుకు తీస్తుంది, మరొకటి పెంచి తగ్గిస్తుంది. డబ్బాకూ డబ్బాకూ మధ్య తీగ గుచ్చితే, ఒకదాని వోల్టేజ్ ఇంకోదాన్ని తిప్పుతుంది, మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. మామూలుగా ఆ తిప్పడం ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది, పోయిన దారినే మళ్లీ వస్తుంది. సైదులుకు అది నచ్చలేదు. మిల్లు మోతను దూరం నుంచి వింటే ఒక్క తీరుగా ఉండదు, కరెంటును బట్టి మెల్లగా మారుతూ ఉంటుంది, అదే కావాలి అని పట్టుబట్టాడు. పెద్ద పెద్ద కెపాసిటర్లు పెట్టి ఒక డబ్బా చేశాడు. దానిలోంచి వచ్చే వోల్టేజ్ బహు నిదానంగా ఒకచోట చుట్లు తిరిగి తిరిగి, ఉన్నట్టుండి ఇంకోచోటికి పోయి అక్కడ తిరుగుతుంది. ఎప్పుడు పోతుందో కట్టినవాడికే తెలియదు. చదువుకున్న భాషలో అది కేయాస్. సైదులు దాన్ని మంద అన్నాడు.

“గొర్లమంద లెక్కనేరా. రెండు చెల్కల నడుమ తిరుగుతది. ఎప్పుడు ఏ చెల్కల ఉంటదో నాకేం ఎరుక? కానీ ఆ రెండు చెల్కలు దాటి మాత్రం పోదు.”

ఆ మాట గుర్తుపెట్టుకోండి. రెండు చెల్కలు, అంటే రెండు మెట్ట చేలు, దాటి పోదు అన్నాడు.

మంద ప్రభావం మోత మీద ఎంత పడాలో చెప్పే నాబ్ ఒకటి డబ్బా వెనకవైపు ఉండేది. దానికి దడి అని పేరు పెట్టాడు. సగం కంటే తక్కువకే తిప్పి ఉంచేవాడు. తీగలు గుచ్చి, దడి సరిచేసి, స్విచ్ వేశాక ఇంక ఎవరూ ముట్టకూడదు. అది వాడి పద్ధతి. తనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. నేనేదో సవరించబోతే చెయ్యి మీద ఒక్కటి వేసేవాడు.

“ఆగు పంతులూ! జర శ్రుతి కదిలితే నీకు పానం పోతది” అని నవ్వేవాడు.

నిజంగానే పోయేది. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకున్నవాణ్ని నేను. ఎవరూ ముట్టని డబ్బా ఒకటి నాకు జన్మలో తట్టని వంపులు తిరుగుతుంటే పక్కన నిలబడి వినాల్సి వచ్చేది. ఆ డబ్బాలకు సగం టంకం పెట్టింది నేనే. అయినా అది వాడిదే. అది నాకు మొదటి ఆదివారమే తెలుసు.

అప్పుడు మా మోత గురించి ఎవరో చెప్పగా హైదరాబాద్ నుంచి ఒకావిడ వచ్చింది. నాట్య బృందం నడుపుతుంది. గోదాములో ఖాళీ బస్తాల మీద కూర్చుని కదలకుండా విన్నది. ఎవరు చేశారని అడిగింది. మేమిద్దరం మేడమ్ అన్నాడు సైదులు. ఆవిడ నాకేసి చూసి తలూపి, ఇక అక్కడి నుంచి వాడితోనే మాట్లాడింది. సూర్యాపేటలో ప్రదర్శన బాగా జరిగితే వాణ్ని బృందంలోకి తీసుకుంటానంది. మిల్లు దుమ్ములోంచి బయటపడి, పొద్దంతా ఈ పనే చేసుకుంటూ బతకొచ్చు. వాడు బతుకులో కోరుకున్నది అదొక్కటే. నేను వాణ్ని గట్టిగా కౌగిలించుకున్నాను. నా కడుపు మండిపోయింది.

ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో, సాయంత్రం. వేదిక పక్కన బల్ల మీద డబ్బాలు. సైదులు ముందు నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు వేదిక మీద. నేను బల్ల వెనక మిక్సర్ దగ్గర, పక్కన నా కీబోర్డు. దడి నా వైపే ఉంది. వేదిక మీద నాట్యం చేసే అమ్మాయి ఒంటికాలి మీద నిలబడి మెల్లగా, చాలా మెల్లగా ఒంగుతోంది. మోత ఆమెను పట్టుకుని ఒంపుతున్నట్టే ఉంది. జనం ఊపిరి బిగబట్టారు. మా ఊరి జనం! పెళ్లి విందుకు వచ్చినా కుదురుగా కూర్చోని జనం. ఎంత బాగుందో చెప్పలేను. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నా చెయ్యి దడి మీదికి పోయింది.

కొంచెమే తిప్పుదామనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పూర్తిగా తిప్పాను. అటు చివరిదాకా.

మోత ఊళ పెట్టింది. పైకి లేచి, అక్కడి నుంచి దబ్బున అడుగుకు పడి, మళ్లీ లేచింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి తూలి, వేదిక మీద కూలబడింది. ఎవరో ఈల వేశారు. ఆ తర్వాత హాలంతా ఒకటే నవ్వు. సైదులు వెనక్కి తిరిగేలోపు నేను దడిని మళ్లీ ఉన్నచోటికి తెచ్చి, మంద మోతను మిక్సర్‌లో తగ్గించి, కీబోర్డు మీద ఆధార శ్రుతి పట్టాను. అమ్మాయి లేచింది. ఆట సాగింది. చూశారా, ఆ రోజు పరువు కాపాడింది నేనట! ఆవిడ నా చెయ్యి పట్టుకుని మరీ అంది.

హాలు ఖాళీ అయ్యాక తీగలు చుడుతూ సైదులు నన్ను అడిగాడు. మొహం మాడిపోయి ఉంది.

“మంద గట్ల దాటి పోదు గదరా. నువ్వేమన్న ముట్టినవా?”

“నేనా? నేనెందుకు ముడ్తరా?”

“కాదురా, జర యాది చేసుకో. చెయ్యి గిట్ల తాకిందా?”

“లేదంటున్న గదా. కేయాస్ అంటేనే గది. ఎప్పుడేం చేస్తదో నువ్వే చెప్పలేనంటివి.”

వాడు నా మొహంలోకి చూశాడు. నమ్మాడు. వెంటనే నమ్మాడు. నా మీద అనుమానం పడి ఉంటే ఇంత కాలిపోయేవాణ్ని కాను. నన్ను నమ్మడం కోసం వాడు తనకు బాగా తెలిసినదాన్ని తెలియదనుకున్నాడు.

ఆ తర్వాత వాడు పడిన అవస్థ నేను చూశాను. మిల్లులో మందను ఆపకుండా నడిపించి, మధ్యాహ్నం అన్నం గిన్నె పక్కన పెట్టుకుని మీటరు ముల్లుకేసి చూస్తూ కూర్చునేవాడు, మళ్లీ ఎప్పుడు దాటుతుందా అని. దాటలేదు. కెపాసిటర్లు మార్చాడు. దాటలేదు. లేని రోగానికి దవాఖానల చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. నేను పక్కన కూర్చుని, వోల్టేజ్ సమస్య కావచ్చురా అని సలహా కూడా ఇచ్చాను. అప్పుడైనా ఒక్క మాట అనొచ్చు కదా? నోరు లేదా నాకు? ఉంది. హైదరాబాద్ ఆవిడ వాడి బదులు నన్ను బృందంలోకి పిలిచింది. నేను బట్టలు సర్దుకున్నాను.

ఊరు విడిచేరోజు వాడు మందను గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. దీని గుణం నాకు దొరకలేదురా, నీకన్న పనికొస్తదేమో, తీస్కపో అన్నాడు. తీసుకున్నాను. సిగ్గు లేకుండా రెండు చేతులా తీసుకున్నాను.

ఈ రోజుకీ దాని మీదే తింటున్నాను. మీ మోతకు ప్రాణముంది సార్, ఎలా చేస్తారు అంటారు. నవ్వి ఊరుకుంటాను. ఇన్నేళ్లలో, ఇన్ని వేదికల మీద, మంద ఒక్కసారి కూడా ఆ రెండు చెల్కలు దాటలేదు. వాడు చెప్పింది అక్షరాలా నిజం.

మొన్న కోదాడ పోయాను. వాడక్కడ ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు పెట్టుకున్నాడు. షాపులో పాట కూడా పెట్టడు. వాళ్లావిడది కోదాడే.

“రండన్నయ్యా, కూర్చోండి. మా ఆయన మీ గురించే చెప్తా ఉంటారు ఎప్పుడూ” అని టీ తెచ్చింది.

బేరానికి వచ్చిన వాళ్లకు సైదులు నన్ను చూపించి, మా దోస్తు, పెద్ద మ్యూజిక్ ఆయన అని చెప్పుకున్నాడు. టీ సగంలోనే పక్కన పెట్టి లేచాను. వెళ్తుంటే మెట్ల దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“గా డబ్బా ఇంకా వాడుతున్నవా? పైలంరా. మంచిగనే ఉంటది, ఎప్పుడో దాటుతది. నలుగుట్ల నీ ఇజ్జత్ పోతది.”

నా ఇజ్జత్ గురించి వాడికి బెంగ! అప్పుడు చెప్పాల్సింది. సరేరా అని బస్టాండుకు నడిచాను. బస్సులో సూర్యాపేట దాకా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను, వాడికి చెప్పబోయే మాటలు వరస పెట్టుకుంటూ. దిగేసరికి ఒక్కటీ మిగలలేదు. వాడికి చెప్తే ఏమవుతుంది? పోయిన పని రాదు. నన్ను క్షమిస్తాడేమో, అదింకా భయం. పిరికివాణ్ని, అందుకే వాడికి కాకుండా మీకు చెబుతున్నాను. దీనివల్ల వాడికి దమ్మిడీ లాభం లేదని నాకు తెలుసు. నా గుండె మీంచి బరువు దించినట్టు ఉంది, అంతే. అది కూడా నాకే.

అయినా వాడు ఆ సాయంత్రం అడిగినదానికి ఇన్నాళ్లూ జవాబు బాకీ పడి ఉంది. ఇక్కడన్నా రాస్తాను.

ముట్టినరా. నేనే ముట్టిన.