అమ్మ తినని సోయకూర

మొన్న జహీరాబాద్ మార్కెట్లో కూరగాయలామె తడి గోనెసంచి విప్పగానే గుప్పుమన్న వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. దారపు పోగుల్లాంటి సన్నటి ఆకు, సోపునూ జీలకర్రనూ కలిపి అరచేతిలో నలిపినట్టుండే ఘాటు: సోయకూర. కర్ణాటక సరిహద్దు పల్లెలో పుట్టిన మా నాయనమ్మ దాన్ని సబ్బసిగె అనేది. కిరాణా దుకాణంలో మరాఠీ సేటు దాని గింజల్ని బాళంత్ శేపు అని, అంటే బాలింతల సోపు అని చెప్పి పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఈ మొక్క అసలు మధ్యధరా సముద్రం దిక్కుదని పెద్దయ్యాక ఎక్కడో చదివి ఆశ్చర్యపోయాను. మాకు తెలిసినంతవరకు అది నాయనమ్మ పుట్టింటి నుంచి వచ్చింది.

చలికాలం వస్తే న్యాల్‌కల్ దిక్కున్న మా చేలో శనగ సాళ్ల పక్కన అది మోకాలెత్తు పెరిగేది. పొద్దున్నే మంచులో కోసుకొస్తే మధ్యాహ్నం దాకా చేతులు వాసన వచ్చేవి. పెసరపప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెడితే, వేడి జొన్నరొట్టెల్లోకి మా నాన్న ఇంకేమీ అడిగేవాడు కాదు. చలికాలపు అమావాస్యకు చేనును మొక్కే ఎలామాస పండుగనాడు, చేలోనే కూర్చుని తినే బజ్జి కూరలో, అన్ని పప్పులతో, అన్ని ఆకులతో పాటు ఇదీ పడాల్సిందే. కడుపు ఉబ్బరించిన వాళ్లకు నాయనమ్మ కొంగుముడి విప్పి నాలుగు గింజలు నమలమని ఇచ్చేది. బాలింతకు పాలు పడటానికైతే ఈ ఆకును మించింది లేదని ఆమె నమ్మకం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు చెల్లెలు పుట్టింది. అమ్మది ఖమ్మం వైపు. నేను పుట్టినప్పుడు ఆమె పుట్టింటికే వెళ్లింది గానీ, ఈసారికి అమ్మమ్మ లేదు. అంతకు కొన్ని నెలల ముందే చనిపోయింది. అందుకే కాన్పు మా దగ్గరే జరిగింది. చెల్లెలు సాయంత్రమైతే కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేది. పాలు చాలడం లేదని నాయనమ్మ రెండు పూటలా సోయకూర వండి, నెయ్యి వేసి, గిన్నె మంచం దగ్గర పెట్టి వెళ్లేది. అమ్మకు ఆ వాసన గిట్టదు. ఆ మాట అత్తతో అనలేక, నన్ను సైగ చేసి పిలిచి గిన్నె నా వైపు జరిపేది. నేను గబగబా తినేసి, వేలితో గిన్నె తుడిచి ఇచ్చేదాన్ని. ఖాళీ గిన్నె చూసి నాయనమ్మ ముఖం వెలిగిపోయేది. కోడలు ఇష్టంగా తింటోందని వాడకట్టు అందరికీ చెప్పుకునేది.

ఇరవై రోజులకు దవాఖానలో చెల్లెల్ని తూచారు. బరువు పెరగలేదు. తల్లి ఏం తింటోందని డాక్టరమ్మ అడిగితే నాయనమ్మ గర్వంగా అన్నీ చెప్పింది. అమ్మ తల వంచుకుంది. తల్లి కడుపునిండా తినాలని, పాప ఏడ్చేదాకా ఆగకుండా మాటిమాటికీ పాలు పట్టాలని చెప్పి, వారానికి మళ్లీ తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఆటోలో వస్తున్నంతసేపూ నాయనమ్మ చెల్లెలి పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. చెల్లెలి తిండి నేనే తినేశానని నాకు అనిపించింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గరికి వెళ్లి చెప్పేశాను. "నాయనమ్మా, అమ్మ కూర తింటలేదు, ఆ వాసన పడదు. దినాం నేనే తింటున్న."

 ఆమె పెనం మీది రొట్టె మాడి పొగ వచ్చేదాకా అలాగే కూర్చుంది. తర్వాత చేతులు కడుక్కుని అమ్మ గదిలోకి పోయింది. గొడవవుతుందని నేను తలుపు వెనక నిలబడ్డాను.

"వాసన పడకుంటే నాకు చెప్పొద్దా బిడ్డా? కోపం జేస్తననుకున్నవా?"

అమ్మ అంది. "మా అమ్మకైతే చెప్పేదాన్ని."

నాయనమ్మ మంచం కోడు పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడింది. ఆమెకు అప్పుడు గానీ తట్టలేదనుకుంటాను, కోడలు తల్లి కోసం ఏడ్చి ఇంకా ఏడాదైనా నిండలేదని.

"మీ అమ్మ ఏం పెడుతుండెనో జర చెప్పు. గదే చేస్త."

మర్నాడు మా ఇంట్లో మొదటిసారి వెల్లుల్లి కారం దంచారు. ఎంత ఉప్పు, ఎంత చింతపండు అని నాయనమ్మ రోటి దగ్గరి నుంచే కేకేసి అడుగుతుంటే అమ్మ పడుకునే చెబుతోంది. వేడన్నంలో నెయ్యి వేసి అది కలిపి పెట్టి, ఎన్నడూ లేనిది నాయనమ్మ తన కంచం కూడా తెచ్చుకుని అమ్మ పక్కనే కూర్చుంది. ఆమె కంచంలో జొన్నరొట్టె, సోయకూర. తినమని ఒక్కమాట కూడా అనలేదు. మూడో రోజో నాలుగో రోజో అమ్మే చేయి చాచి ఆ రొట్టెలోంచి ఒక ముక్క తుంచుకుంది. వారానికి చెల్లెలు కొంచెం బరువు పెరిగింది, నెలకు ఇంకా పెరిగింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ చేను అమ్ముడుపోయి, శనగ సాళ్లుండే చోట ప్లాట్ల రాళ్లు పాతారు. బాలింతలకు పథ్యం ఏమిటో ఫోన్లో చూసి వండుకుంటున్నారు. సోయకూరతో నిజంగానే పాలు పడతాయా అంటే నేను చదివిన వాటిలో గట్టిగా అవునన్నవాళ్లు లేరు. మొన్న సంచీలో కట్ట పెట్టుకుని ఇంటికొచ్చి అమ్మనే అడిగాను. ఇన్నేళ్లకు ఆమె మాట కూడా ఇక్కడి మాటే అయిపోయింది.

"కూర పని చేసిందో లేదో నాకెరుక లేదు బిడ్డా. మా అమ్మ పోయినకాంచి నాకు ఆకలి కాకపోతుండె. అత్తమ్మ వచ్చి పక్కన కూసున్న దినమే మళ్ల ఆకలైంది."