తోడల్లుడు పెట్టిన సూదీదారం బొమ్మ

ఆ ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో మన డిజైనరుది పన్నెండేళ్ల ఏకచ్ఛత్రాధిపత్యం. వైరస్‌ల బెడద పడలేక యజమాని కంప్యూటర్లన్నీ విండోస్‌ నుంచి లినక్స్‌ అనే వేరే వ్యవస్థకి మార్చినా, డిజైన్లు గీసే ప్రోగ్రాం మాత్రం విండోస్‌లో తప్ప కాలు పెట్టనని భీష్మించింది. విండోస్‌లోనే ఉన్నానని దాన్ని నమ్మించడానికి వైన్‌ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేరు ఉంది. ఆ మధ్యవర్తిని లేపడానికి నల్ల తెర మీద కొట్టాల్సిన మూడు వరుసలు డిజైనరొక్కడికే కంఠతా వచ్చు. అర్థం అతనికీ తెలియదు. రోజూ పొద్దున్నే ప్రతి కంప్యూటరు దగ్గరా భుజం అడ్డుపెట్టి కొట్టేవాడు. అందాకా పదిమంది చేతులు కట్టుకుని నిలబడేవారు. జీవితంలో అతను కోరిన వైభవం అంతే.

అతని సిఫారసుతోనే మరదలి మొగుడు పనిలో చేరాడు. నాలుగో రోజుకల్లా ప్రతి తెర మీదా సూదీదారం బొమ్మ పెట్టాడు. రెండుసార్లు నొక్కితే చాలు, ప్రోగ్రాం తెరుచుకుంటోంది.

“ఈ మాత్రానికా ఇన్నేళ్లు మమ్మల్ని నిలబెట్టావు?” అంది దారాలు చుట్టే పెద్దావిడ.

ఇంట్లో భార్య: “మా మరిది బుర్రే బుర్రండీ!”

“అవును, గుమ్మడికాయంత.”

“కుళ్లుకున్నది చాలుగానీ అన్నం తినండి.”

మర్నాడు అందరూ భోజనాలకు లేవగానే డిజైనరు తోడల్లుడి కుర్చీలో కూర్చుని, ఆ బొమ్మనే నొక్కాడు. ప్రోగ్రాం లోపల జెడ్‌ డ్రైవ్‌లో ‘డిజైన్లు’ అనే ఫోల్డరు కనిపించింది. ఉత్తుత్తి విండోస్‌లో ఉన్నది ఉత్తుత్తి నకలే అయ్యుండాలని తీర్మానించాడు. అది లేకపోతే సాయంత్రం ఆస్పత్రి యూనిఫాం చిహ్నం అడిగినప్పుడు వాడు నీళ్లు నములుతాడు. శుభ్రంగా చెరిపేశాడు.

ఇల్లు ఉత్తుత్తిదే గానీ సామాను అసలుదే. అది వర్క్‌షాపు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క ఫోల్డరు. పన్నెండేళ్లుగా అతను గీసిన ప్రతి పువ్వూ, ప్రతి చిహ్నమూ అన్ని తెరల మీదా మాయమయ్యాయి.

“ఎవడి నిర్వాకం ఇది? వాడికి ఇవాళే ఆఖరి రోజు!” యజమాని రంకె వేశాడు.

తోడల్లుడు తన తెర మీద ఇంకా తెరిచే ఉన్న జెడ్‌ డ్రైవ్‌ని చూశాడు. పాలిపోయిన డిజైనరు మొహమూ చూశాడు.

“నాదేనండీ, చూసుకోకుండా చెరిపాను. అన్నయ్యగారి పనితనం నేర్చుకుందామని చేరిన రోజే అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాను. పావుగంటలో పెట్టేస్తా.” తర్వాత పక్కకొచ్చి మెల్లగా, “అన్నయ్యా, జెడ్‌ అంటే మన అసలు కంప్యూటరే. ఇకమీదట దాని జోలికి పోకండేం” అన్నాడు.

డిజైన్లు తిరిగొచ్చాయి. యజమాని చల్లబడ్డాడు. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి. ఇంటిదారిలో డిజైనరు కృతజ్ఞతతో కరిగిపోవాలి. నిజాయితీగా ప్రయత్నించాడు కూడా. కానీ ఒకరి తప్పు నెత్తిన వేసుకునేంత మంచితనం వాడికెందుకు ఉండాలి? ఉంటే గింటే పెద్దల్లుడైన తనకు ముందుండాలి గానీ!