పోయొస్తనంటే పలకనివాణ్ని

పొద్దున నేనూ మా ఆవిడా ఒకే మెట్రో ఎక్కుతాం. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా పావుగంట. అక్కడ ఆమె దిగి బేగంపేట రైలు ఎక్కుతుంది, నేను తర్వాతి స్టేషన్ పంజాగుట్టలో దిగుతాను. పిల్లలు, వంట, ఆఫీసుల మధ్య మేమిద్దరమే ఉండేది ఆ పావుగంటే. దాన్ని రెండేళ్లు ఫోన్‌కు ఇచ్చేశాను. ఆఫీసు పని అనేవాణ్ని. నిజానికి చూసేది క్రికెట్ ముక్కలు, ఎవరో బిర్యానీ వండే వీడియోలు.

దిగేముందు ఆమె "పోయొస్త" అనేది. మా ఇళ్లలో ఆ మాటకు "పోయి రా" అనాలి. అనకుండా ఎవరినీ గడప దాటనివ్వరు. నేను తల ఊపేవాణ్ని. కొన్నాళ్లకు అదీ మానేశాను.

ఒకరోజు ఆమె "పోయొస్త" అనగానే "పోయి రా బిడ్డా" అని వినిపించింది. తలెత్తితే, ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ.

"మోకాలు జర పైలం. సాయంత్రం డాక్టరుకు చూపించుకో, మర్సిపోకు."

"అట్లనే పెద్దమ్మా" అంటూ మా ఆవిడ దిగిపోయింది. ఆ మాట అసలు నాతో అనలేదని అప్పుడర్థమైంది.

"ఆమె మోకాలికి ఏమైంది?" పెద్దావిడను అడిగాను.

"నువ్వేమైతవ్ ఆమెకు?"

"భర్తను."

కింది నుంచి మీది దాకా చూసింది. "నెల సంది చూస్తున్న. పక్కపొంటి నిలబడేటోనివి, ఎవరో అనుకున్న."

సాయంత్రం గంట ముందే వెళ్లి బేగంపేట స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆమె కుంటుకుంటూ వచ్చింది.

"ఏంది, ఆఫీసుల నుంచి తరిమేసిండ్రా?"

"డాక్టర్ దగ్గరికి నేను సుత వస్త. నాకెందుకు చెప్పలే?"

"మూడుసార్లు చెప్పిన. మూడుసార్లు ఊ అన్నవ్. ఇగ నీకు చెప్పుడు బంద్ చేసిన."

నొప్పి ఎన్నాళ్లుగా అని డాక్టర్ నన్నడిగితే నేను ఆమె వైపు చూశాను. మెట్లు ఎక్కొద్దన్నాడు, మందులు రాశాడు. మోకాలు నెలలో కుదుటపడింది.

మాటలు అంత తొందరగా రాలేదు. ఫోన్ బ్యాగులో పెట్టి పక్కన నిలబడినా, ఆమె కిటికీలోంచి చూసేది. నాకు చెప్పకపోవడం ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటు చేసింది నేనే కాబట్టి ఊరికే నిలబడ్డాను.

మొన్న భరత్‌నగర్ దాటాక, అడగకుండానే, వాళ్ల ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి సంగతి మొదలుపెట్టింది. సగంలోనే అమీర్‌పేట వచ్చేసింది. నేనూ దిగి, ఆమె ప్లాట్‌ఫాం దాకా నడుస్తూ మిగతాది విన్నాను. ఆ పిల్ల మేనేజరునే అటెండరనుకుని టీ తెమ్మందట. చెబుతూ చెబుతూ నవ్వాపుకోలేక, వచ్చిన రైలును ఆమే వదిలేసింది.