వాన తోట అడుగున అలుకు

ఆ రోజుల్లో, లెక్కలో సరిపోయినదల్లా లోకంలోనూ సరిపోయి తీరుతుందని నేను నమ్మేవాడిని. ఆ నమ్మకానికి నా ఇరవై నాలుగేళ్ల వయసు ఎంత కారణమో, అంతకు రెండు నెలల ముందే దొరికిన ఉద్యోగమూ అంతే కారణమని ఇప్పుడు తోస్తుంది. సుచిత్ర చౌరస్తాలో బస్సెక్కి, మేడ్చల్ దాటి, రావల్కోల్ దారిలో దిగితే వచ్చే ఒక చిన్న బడిలో నేను సైన్సు మాస్టారిని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయడమో, సాగనంపడమో బడిని నడిపే పెద్ద మేడం చేతిలో ఉంది. వాన పడినప్పుడల్లా పైకప్పు నీరంతా గేటు దగ్గరి సిమెంటు నేల మీద మోకాలి లోతున నిలిచేది. ఒకటో తరగతి పిల్లలను ఆయమ్మ చంకనెత్తుకుని దాటించేది. ఆ నీటిని గొట్టంతో ఒక పల్లపు మడిలోకి మళ్లించి, మొక్కల వేళ్ల వెంట భూమిలోకి ఇంకించే ‘వాన తోట’ను ఏడో తరగతి పిల్లలతో వేయిస్తానని నేను ముందుకు వచ్చాను. (నన్ను ఎవరూ అడగలేదు. ఈ సంగతి డైరీలో గీత గీసి మరీ రాసుకున్నాను.)

పైకప్పు ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ఇరవై మిల్లీమీటర్ల వాన కురిస్తే నాలుగు వేల లీటర్లు. మడి అయిదు మీటర్లు, నాలుగు మీటర్లు, లోతు ఇరవై సెంటీమీటర్లు. అవీ నాలుగు వేల లీటర్లే. ఒక్క రోజులో ఇంకిపోవాలి. ఈ లెక్క చూసుకుని నేను మురిసిపోతున్న వేళ బడి కమిటీ పెద్దమనిషి ఒకాయన అడ్డు వచ్చారు. పొలాలు కొని, సిమెంటు రోడ్లు వేయించి, ప్లాట్లు చేసి అమ్మేవారు కనుక పిల్లలు ఆయనను చాటుగా ప్లాట్ల పటేల్ అనేవారు. ఆ జాగా బడి బస్సు నిలపడానికి కావాలని ఆయన పట్టు. “ఏంది సారూ, మేం గుంతలు పూడ్వనీకి పరేషాన్ అయితుంటే, నువ్వు మంచి జాగల గుంత తవ్విస్తున్నవ్?” అన్నారు. పెద్ద మేడం ఇద్దరి మాటా విని తేల్చేశారు. “మొదటి పెద్ద వాన పడనీయండి. ఆ వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగులో అందరం చూద్దాం. నీళ్లు నిలిచి ఉంటే పటేల్ గారు మొరం పోయించి పూడ్చేస్తారు. మీ ఉద్యోగం సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందాం సార్.”

పిల్లలు తవ్వారు, నేను స్కేలు పట్టుకుని అడుగడుగునా సరిచూశాను. మెట్టతామర, వట్టివేరు వరుసలుగా నాటించాను. తోట ప్రారంభానికి ముందు రోజు ఆయమ్మను పిలిచి, “పెద్దవాళ్లు వస్తారు, ఒక్క బెడ్డ కూడా కనిపించకూడదు” అని చెప్పి బస్సెక్కాను. మర్నాడు చూస్తే మడి అడుగు అద్దంలా నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. గట్టు చుట్టూ ముగ్గు. ‘అడుగు అత్యంత చదునుగా వచ్చింది, నా పర్యవేక్షణ ఫలితం’ అని ఆ పూట డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం షామీర్‌పేట వైపు నుంచి మబ్బు కమ్ముకు వచ్చి, మూడు గంటలకల్లా కురిసి వెలిసింది. సీసాకు స్కేలు అంటించి కొలిస్తే సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లు. మడి అంచుల దాకా నిండింది, గేటు దగ్గర చుక్క నీరు లేదు. “ఇయ్యాల నా నడుం బతికింది సారూ!” అంది ఆయమ్మ. నేను గాలిలో తేలుతూ ఇంటికి వెళ్లాను. శుక్రవారం ఉదయం తొమ్మిదికి పుల్ల ముంచి చూశాను: పంతొమ్మిది సెంటీమీటర్లు. పద్దెనిమిది గంటల్లో ఒక్క సెంటీమీటరు! ఆ లెక్కన ఇరవైకి మూడు వందల అరవై గంటలు, అంటే పదిహేను రోజులు. రెండుసార్లు గుణించినా పదిహేనే వచ్చింది. పాఠం మధ్యలో ఏదో వంకన బయటికి వచ్చి పుల్ల ముంచడం, లోపలికి వెళ్లి ఎక్కడ ఆపానో మరిచిపోవడం, ఇదే నా పని అయింది. రావల్కోల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి కిటికీలోంచి చూసి, “సార్, కప్పలు గూడ అచ్చినయ్. గిది తోటనా, సెరువా?” అని అడిగింది. తరగతి గొల్లుమంది. నేను మాత్రం మరోసారి పుల్ల ముంచాను.

శనివారం ఎనిమిదింటికే బడికి చేరాను. నీరు పద్దెనిమిది సెంటీమీటర్లు. గేటు బయట మొరం ట్రాక్టరు అప్పటికే ఆగి ఉంది. మీటింగు పదింటికి. గట్టు మీద కూలబడి ఉన్న నన్ను చూసి ఆయమ్మ జాలిపడింది.

“ఏమైంది సారూ, గట్ల కూసున్నరు?”

“నీళ్లు ఇంకడం లేదు ఆయమ్మా. మట్టిలో ఏముందో అర్థం కావడం లేదు.”

“మట్టిల ఏముంటది? పైన నేను అలికినదే ఉన్నది. పేడ, ఎర్రమన్ను కలిపి మూడు సుట్లు అలికిన. ఒక్క మొక్క కదలకుంట! బెడ్డ కనబడొద్దంటిరి గదా?”

(నేను ఎంతసేపు నోరు తెరుచుకుని ఉన్నానో డైరీలో నమోదు కాలేదు.) నా ముఖం చూసి ఆమెకు విషయం బోధపడింది. “అయ్యో, ముందే జెప్పొద్దా! గడ్డపార తెస్త, జల్దీ ప్యాంటు మలుసుండ్రి” అంటూ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని మడిలోకి దిగింది. ఆమె వెనుక నేను, నా వెనుక ఏడో తరగతి మొత్తం. మొక్కల సందుల్లో గడ్డపార దిగినచోటల్లా బుడగలు లేచి, గుటగుటమని చప్పుడు మొదలైంది. పదింటికి పెద్దలు వచ్చేసరికి నేను మోకాళ్ల దాకా బురదతో, చేతిలో పుల్లతో నిలబడి ఉన్నాను. నీరు ఇంకా పదకొండు సెంటీమీటర్లు.

“సూడుండ్రి మేడం, నీళ్లు నిలిసే ఉన్నయ్. పొయ్యమంటరా మొరం?” అన్నారు పటేల్. నేను పుల్ల మీది తడి గీత వైపు వేలు చూపించాను. ఆయన నమ్మకుండా చేతి గడియారం చూసుకుంటూ వంగి కూర్చున్నారు. రెండు నిమిషాలు, అయిదు, పది. ఉన్నట్టుండి పిల్లల కంటే పెద్దగా కేక పెట్టారు. “తగ్గుతాంది! మేడం, నిజంగనే తగ్గుతాంది!”

పెద్ద మేడం నవ్వు ఆపుకుంటూ పిల్లల వైపు తిరిగి, నీరు రెండు రోజులు ఎందుకు ఆగిందని అడిగారు. రావల్కోల్ అమ్మాయి జవాబిచ్చింది. “అలికినం మేడం. అలికితే భూమి నోరు మూస్కపోతది. సిమెంటు ఏస్తే గూడ గంతే. గందుకే గేటుకాడ నీళ్లు నిలుస్తుండె.”

“సార్ చెప్పారా?”

“సారు జెప్పలే మేడం. సారుకు గూడ గిప్పుడే ఎరుకైంది.”

ట్రాక్టరు వెనక్కి వెళ్లింది. పటేల్ గారు ఆ సిమెంటు మాట దగ్గర కొంచెం దగ్గారు. నా ఉద్యోగం సోమవారం ఖాయమైంది. డైరీలో ఆ శనివారం పుట మీద ఆయమ్మ బురద వేళ్ల గుర్తు ఉంది, తుడవలేదు.

ఇప్పుడు వాన తోట వేయాలనుకునే బడులకు నేను సూచనల కాగితం పంపుతుంటాను. కొలతలు, వాలు, మొక్కల వరుసలు, అన్నీ కలిపి పదకొండు సూచనలు. అన్నిటికంటే పైన ‘మడి అడుగు అలకరాదు’ అని ఉంటుంది. మడిని ఎవరైనా అలుకుతారా సార్ అని కొత్త మాస్టర్లు ఫోన్ చేసి అడుగుతారు. చెప్పబోతాను, అంతలో ప్యాంటు మడుచుకుని, పుల్ల పట్టుకుని, బురదలో నిలబడ్డ ఆ కుర్ర మాస్టారు గుర్తుకు వస్తాడు. “కాగితంలో ఉన్నట్టు చేయండి” అని మాత్రం అంటాను.