పాత షార్జా నడక, కాకా కట్టిన గోడ

షార్జా పాత ఊళ్లో నేను తెలుగులో నడిపించిన మొదటి నడక గురించి మా లేబర్ క్యాంపులో ఇప్పుడు రకరకాలుగా చెప్పుకుంటున్నారు. అక్కడొక గోడ చూడగానే దాని వయసు నేనే కనిపెట్టానని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతున్నారు. నిజానికి ఆ గోడ దగ్గర నేను తప్పు చెప్పాను. సరిదిద్దినాయన రాసే మనిషి కాదు. అందుకే నేను రాసి పెడుతున్నాను.

నేను షార్జా శివార్లలోని సజ్జాలో ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ చూస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. కరోనా తగ్గి లైబ్రరీలు మళ్లీ తెరిచాక, ఆదివారాలు బస్సెక్కి లైబ్రరీకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో పేజీ చదివేవాణ్ణి. అక్కడే ఐర్లండ్‌లోని ఒక సంత ఊరి గురించి చిన్న పుస్తకం దొరికింది. అక్కడ గైడ్ జనాన్ని వెంటబెట్టుకుని వీధులన్నీ తిప్పుతాడట. ఇక్కడ కోట గుమ్మం ఉండేది, సంతకొచ్చే బండి ఇక్కడ సుంకం కట్టేది, ఈ వీధి వంకర తిరిగిందంటే ఒకప్పుడు ఇక్కడ ప్రహరీ ఉన్నట్టు, అని చెబుతాడట. ఐర్లండ్ నేను చూడలేదు. కానీ నడుస్తూ ఒక ఊరిని చదవవచ్చని ఆ పుస్తకమే నాకు నేర్పింది.

మావాళ్లు నెలకోసారైనా బట్టలకో ఫోన్లకో షార్జాలోని రోలా బజారుకు వస్తారు. అక్కడికి నడిచే దూరంలోనే ఉన్న పాత ఊళ్లోకి మాత్రం ఎవరూ అడుగు పెట్టరు. అక్కడ టూరిస్టులకు చెప్పే గైడ్ ఒక హైదరాబాదీ ఆవిడ. తెలుగులో ఒక నడక పెట్టనిమ్మని ఆమెను అడిగాను.

"ఒక్కసారి చేసి చూపించండి భాయ్. నేను వెనక నిలబడి వింటా. మంచిగుంటే నెలకొకటి పెట్టుకోండి. గప్పాలు కొట్టిండ్రో, ఖలాస్!" అంది.

చలికాలం, ఒక ఆదివారం ఉదయం పద్దెనిమిది మందిమి క్యాంపు బస్సులో వెళ్లాం. ఐర్లండ్ పుస్తకం సంగతి దారిలోనే చెప్పాను. గైడ్ మేడమ్ చిన్న నోట్‌బుక్ పట్టుకుని వెనకే వచ్చింది.

"ఐర్లండ్ ఏడ, షార్జా ఏడ సారూ?" అని ఒకడు మొదలుపెట్టాడు.

"ఊకోరా, నెలరోజుల సంది బుక్కులు నమిలిండు, ఇయ్యాల మనకు తినిపిస్తడు," అని ఇంకొకడు.

ముత్యాల వ్యాపారుల ఇళ్లలోకి వెళ్లేసరికి ఆ వెక్కిరింతలు ఆగిపోయాయి. పైకప్పు వాసాలు సముద్రం అవతల నుంచి పడవల్లో వచ్చిన మడ చెట్లవని చెప్పాను. షట్టరింగ్ పనివాడొకడు తలెత్తి, వాసానికీ వాసానికీ మధ్య దూరం జానలతో లెక్కగట్టాడు. నా ఛాతీ ఉబ్బింది.

ఒక సందు చివర గోడ ముందు ఆగి, గొంతు పెంచి చెప్పాను. "ఇది రెండు వందల ఏళ్ల గోడ. సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. ఆనాటి మేస్త్రీల తాపీ గీతలు ఇప్పటికీ కనబడుతున్నాయి, చూడండి."

మా గుంపులోంచి కాకా ముందుకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, క్యాంపులో అందరికన్నా పెద్ద మేస్త్రి. గోడను అరచేత్తో నిమిరాడు.

"ఆగు తమ్మీ. రాయి పాతదే. గోడ పాతది గాదు. గా గీతలు నావే."

అందరూ గొల్లున నవ్వారు. "నీకు రెండు వందల ఏండ్లా కాకా? మాకెవ్వరికీ చెప్పకపోతివి!"

నా మొహం మాడిపోయింది. "పాత షార్జా మీద రాసిన పుస్తకంలో ఉంది కాకా," అన్నాను.

"పుస్తకం రాసినాయనకు గచ్చు రుద్దుడు ఎర్కనా?" అని పక్క గోడ దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది కుడిచేతి మేస్త్రీది. గీత ఇట్ల వంగింది. నాది ఎడమ చెయ్యి. గిటు సూడు, ఉల్టా పోయింది. నేను గల్ఫ్ వచ్చిన కొత్తల, కూలిన గోడ రాళ్లు ఏరి ఆరుగురం కట్టినం. గచ్చు నేనే రుద్దిన. పాత తీరుగనే ఉండాలని ఇంజనీరు సిమెంటు ముట్టనియ్యలే."

వంగి చూశాను. పక్క గోడ మీద అర్ధచంద్రాలన్నీ ఒక వైపు, ఈ గోడ మీద ఇంకో వైపు తిరిగి ఉన్నాయి. గైడ్ మేడమ్ నోట్‌బుక్‌లో ఏదో రాస్తోంది. తెలుగు నడక ఇంతటితో ముగిసినట్టే అనిపించింది. అయినా అందరి ముందూ చెప్పాను. "నేను చెప్పింది తప్పు. ఈ గోడ కాకా వాళ్లు కట్టింది."

మేడమ్ పాత కట్టడాలు చూసే తన ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంది. గోడను మళ్లీ కట్టిన మాట నిజమే.

"కట్టినోళ్లు ఎవరో మా కాగితాల్లో కూడా లేదు," అంది కాకా వైపు చూసి. తర్వాత నా వైపు తిరిగింది. "నెలకొకటి పెట్టుకోండి భాయ్. కానీ ఈ గోడ కాడ మీరు చుప్. కాకా బోల్తారు."

అప్పటి నుంచి అలాగే జరుగుతోంది. "నువ్వే చెప్పు తమ్మీ," అంటూనే కాకా నాకన్నా ఎక్కువసేపు మాట్లాడతాడు. ఆ గోడ గురించి నేను చదివి నేర్చుకున్నది తప్పయినందుకు ఇప్పుడు నాకు సిగ్గు లేదు. ఆ తప్పు సరిదిద్దగల మనిషి మా క్యాంపులోనే దొరికాడని గర్వం.

సాయం చేసినవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి, వాళ్లు చేసిన పనులు చెప్పే కృతజ్ఞత తెలుపుతున్నాను. ఆ ఐర్లండ్ పుస్తకాన్ని గడువు దాటినా మూడుసార్లు పొడిగించి ఇచ్చిన లైబ్రరీ ఆవిడకు, నన్ను నమ్మిన గైడ్ మేడమ్‌కు, సెలవు రోజున బస్సు తీసిన డ్రైవర్‌కు, కాకాకు. ఆయన పక్కన నిలబడి ఆ రాళ్లు పేర్చిన మిగతా ఐదుగురు ఇప్పుడు ఎక్కడున్నారో ఆయనకూ తెలియదు. వాళ్లకు కూడా నా కృతజ్ఞత.