చెత్తబుట్టలో ఊపిరి

రికార్డుల కంపెనీలో టేపులు కోసి అతికించే గదిలో చేరి వారం అయిందో లేదో, సంగీత వ్యాపారం మొత్తం నా అరచేతిలోకి వచ్చేసిందని నా నమ్మకం. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. కాన్వెంటు సిస్టర్లు నాకు చేతులు కట్టుకోవడం నేర్పారు గానీ, కట్టుకునే ఉండడం నేర్పలేకపోయారు.

ఆ గదికి పెద్ద ఒకావిడ. కంపెనీలో అందరికీ అక్కయ్య. వస్తూనే యంత్రం తుడిచి, బ్లేడు మార్చి, టేపును చెయ్యి పెట్టకుండా రెండుసార్లు వినేది. "వినడమూ పనేనయ్యా" అనేది. నాకది కళ్ళు తెరుచుకుని తీసే కునుకులా కనిపించేది.

ఒకరోజు ఆవిడ పై అంతస్తుకి వెళ్ళగానే ఓ పెద్దాయన పాడిన పాట టేపు నా చేతికి చిక్కింది. డెబ్బై దాటిన మనిషి, వాద్యాలేవీ లేకుండా ఒంటరిగా పాడాడు. ప్రతి పాదం ముందూ కొలిమితిత్తిలా ఊపిరి చప్పుడు. "పాపం, అక్కయ్య గమనించలేదు" అనుకుని, అన్నీ కోసేశాను. నలభై ఒక్క ముక్కలు బుట్టలో పడేసి, మిగిలింది అతికించాను.

ఆవిడ వచ్చి విన్నది. కుక్కలు వెంటపడ్డట్టు పరుగెడుతోంది పాట.

"ఏం చేశావు?"

"బాగు చేశానక్కయ్యా."

"బాగానే ఉంది. పాట ఉంచి మనిషిని తీసేశావు. సాయంత్రం నాలుగింటికి ఆయన వినడానికొస్తున్నాడు. ఆయన సరేనంటేనే రికార్డు. మళ్ళీ పాడే ఓపిక లేదని ముందే చెప్పాడు."

తిట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ బుట్టను బల్ల మీద బోర్లించి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఒక్కో ముక్కనూ యంత్రానికి ఆనించి, చేత్తో లాగి వినిపించింది. "ఇది పొడుగు, పైస్థాయికి ముందుది. ఇది పొట్టి, చరణం మధ్యలోది" అంటూ ఒక్కోదాన్నీ దాని చోట మళ్ళీ అతికించింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి, ఊపిరి వింటే చాలు, ఆ మనిషి పొద్దున ఏం తిన్నాడో చెప్పేయగలిగాను. నమ్మకపోతే మీ ఖర్మ.

నాలుగింటికి పెద్దాయన వచ్చి కళ్ళు మూసుకుని విన్నాడు. చివరి చరణం దగ్గర వేలెత్తాడు.

"ఇక్కడ నేనింత ఊపిరి తీసుకోలేదే?"

"నా చెయ్యి తప్పిందండీ" అంది అక్కయ్య, తడుముకోకుండా.

నా జీవితంలో నిజం చెప్పిన సందర్భాలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ఆవిడ కాదండీ, నేను. అన్నీ కోసి పారేశాను. ఆవిడే ఏరి అతికించింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ ఒక్కటీ సరిచెయ్యమ్మా, మిగతాది వెళ్ళనీ" అని ఆవిడకు చెప్పి, నా వైపు తిరిగాడు. "రేపు పొద్దున మా ఇంటికి రా. శిష్యులకు పాఠం చెబుతుంటే ఎదురుగా కూర్చో. నోరెత్తకు, ఊపిరికి ఎలా లేస్తాయో నా భుజాలు చూడు."

వెళ్ళాను. ఇక్కడైనా అపచారం జరగకూడదని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రెండో పాదంలో ఆయన పాట ఆపేశాడు.

"ఒరేయ్, ముందు నువ్వు ఊపిరి తీసుకోరా!" అన్నాడు.